బిడ్డ పౌరసత్వపు దరఖాస్తు: తప్పులు, దిద్దుబాట్లు

కరీంనగరు, ఆదిలాబాదు సీమలందు గల్ఫు దేశములకు పనికై పోయినవారు లేని పల్లెను వెదకి చూపుట కష్టము. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, వేములవాడ, నిర్మల్, ఖానాపూర్ పరిసరములనుండి దుబాయికి, మస్కటునకు, దమ్మామునకు, కువైటునకు పోవువారిలో పెక్కుమంది ఒంటరిగా పోయి ఒంటరిగానే మరలి వచ్చువారు. ఐనను కొంత నిలుకడగల ఉద్యోగము దొరకినవారు భార్యను వెంట తీసికొనిపోవుచున్నారు. అట్టి సంసారములలో అచ్చటి ఆసుపత్రియందే బిడ్డ పుట్టును. ఊరికి ఫోను వచ్చును. నాయనమ్మ ఇంటింటికి చక్కెర పంచిపెట్టును. తాత పంచాంగము చూపించి పేరునకు మొదటి అక్షరము నిర్ణయించును. ఇచ్చట ఇంత సంబరము జరుగుచుండగా అచ్చట తండ్రి ముందు ఒక దరఖాస్తు నిలిచియుండును. అది బిడ్డను భారత పౌరునిగా నమోదు చేయుటకు కాన్సులేటునకు ఈయవలసిన దరఖాస్తు.

పగలెల్ల పనిచేసి వచ్చిన తండ్రి దానిని ఏ టైపింగు సెంటరు గుమాస్తాచేతనో, గదిలోని స్నేహితునిచేతనో నింపించును. తల్లి పేరులో ఒక అక్షరము జారిపోవును. ఇంటిపేరు ఉండవలసిన గడిలో తండ్రి పేరు చేరును. తేదీ ఉండవలసినచోట నెల, నెల ఉండవలసినచోట తేదీ పడును. ఎవరికిని దురుద్దేశము లేదు. కాని ఆ చిన్న పొరపాటు అయిదేండ్ల తరువాత బడిలోనో, పదునెనిమిదేండ్ల తరువాత వోటర్ల జాబితాలోనో, ఆ పైని ఉద్యోగపు విచారణలోనో లేచి నిలుచుండి, "ఈ కాగితములోని బిడ్డవు నీవేనా?" అని అడుగును. ఇట్టి తప్పులు ఎచ్చటెచ్చట దొర్లునో, వానిని ఎప్పుడు, ఎట్లు దిద్దుకొనవలెనో తెలుపుటయే ఈ ప్రసంగపు ఉద్దేశము.

తల్లిదండ్రులిద్దరును భారతీయులై యుండగా బిడ్డకు వేరుగా దరఖాస్తు ఏల అని కొందరు అడుగుదురు. దీనికి సమాధానము 1955వ సంవత్సరపు పౌరసత్వ చట్టములో నున్నది. ఈ నేలమీద పుట్టినవారిని గూర్చి ఆ చట్టపు మూడవ సెక్షను చెప్పును; విదేశమున పుట్టినవారిని గూర్చి నాలుగవ సెక్షను చెప్పును. తొలుత విదేశమున పుట్టిన బిడ్డకు పౌరసత్వము తండ్రి ద్వారా మాత్రమే సంక్రమించుచుండెను. 1992 డిసెంబరు 10 నుండి తల్లి భారతీయురాలైనను చాలునని చట్టమును సవరించిరి. ఆ పిదప 2004 డిసెంబరు 3 నుండి మరియొక నిబంధన అమలులోనికి వచ్చెను. ఆ నాటినుండి విదేశమున పుట్టిన బిడ్డ, తన జననము ఏడాదిలోపల భారత కాన్సులేటులో నమోదైననే, వంశక్రమముచేత భారత పౌరుడగును. ఏడాది దాటినచో కేంద్ర ప్రభుత్వపు అనుమతి కావలెను. నమోదు చేయించునపుడు, బిడ్డకు వేరొక దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు వ్రాసి ఈయవలెను.

కావున ఇది కేవలము లాంఛనము కాదు. అమెరికాలో పుట్టిన బిడ్డకు, 1868లో చేరిన పదునాల్గవ రాజ్యాంగ సవరణ ననుసరించి, అచ్చటి పౌరసత్వము పుట్టుకతో వచ్చుచున్నది. గల్ఫు దేశములలో ఆ పద్ధతి లేదు. దుబాయిలో పుట్టినంతమాత్రమున మన ప్రాంతపు కూలివాని బిడ్డ ఆ దేశపు పౌరుడు కాడు. అచ్చటి ప్రభుత్వము ఆ బిడ్డను పరదేశిగానే చూచును. స్వదేశము నమోదు చేసికొనువరకు తనవానిగా లెక్కింపదు. రెండు దేశముల నడుమ ఆ పసివానికి ఉన్న ఆధారము ఆ దరఖాస్తు ఒక్కటే. పుట్టిన వెంటనే నమోదగుటకు, పేరు కలిగియుండుటకు, ఒక దేశపు పౌరసత్వమును పొందుటకు ప్రతి బిడ్డకును హక్కు కలదని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక చెప్పుచున్నది. భారతదేశము 1992లో దానిని అంగీకరించెను. ఆ హక్కు చేతికి అందవలెనన్నచో కాగితములు ఒకదానితో నొకటి పొసగి యుండవలెను.

దరఖాస్తు తనంత తాను నిలుచునది కాదు. అది మూడు కాగితములపై నిలుచును. మొదటిది బిడ్డ జనన ధ్రువపత్రము. రెండవది తల్లిదండ్రుల పాస్‌పోర్టులు. మూడవది వివాహ ధ్రువపత్రము. దరఖాస్తులో వ్రాసిన ప్రతి మాటను అధికారి ఈ మూడింటితో సరిపోల్చి చూచును. కనుక తప్పులు రెండు విధములుగా ఉండును. మూలపత్రములన్నియు సరిగా నుండి, నింపునపుడు చేయి తప్పుట ఒక విధము. మూలపత్రమునందే తప్పుండి, దరఖాస్తు దానిని అనుసరించుటయో, దానితో విభేదించుటయో రెండవ విధము. మొదటి దానికి మందు సులభము. రెండవ దానికి ముందు మూలము బాగుపడవలెను. వేరు చెడిన చెట్టునకు ఆకులు కడిగిన ప్రయోజనమేమి?

ఇక మన ప్రాంతమువారి కాగితములలో తరచుగా కనిపించు చిక్కులను ఒక్కొక్కటిగా చూతము. అందు మొదటిది ఇంటిపేరు. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. పాస్‌పోర్టునందు ఇంటిపేరునకు ఒక గడి, సొంతపేరునకు ఒక గడి వేరువేరుగా నుండును. కొందరు ఇంటిపేరును ఒక్క అక్షరముగా కుదించి సొంతపేరునకు ముందు చేర్తురు. కొందరు ఆ గడిని ఖాళీగా విడిచి మొత్తము పేరును ఒకేచోట వ్రాయింతురు. అరబ్బు దేశములలో సొంతపేరు వెంట తండ్రి పేరు, ఆ వెంట తాత పేరు వచ్చుట ఆచారము. అందుచేత అచ్చటి ఆసుపత్రి గుమాస్తా బిడ్డ పేరు వెంట తండ్రి పేరును చేర్చి వ్రాసికొనును. ఒకే బిడ్డకు ఆసుపత్రి పత్రములో ఒక పేరు, జనన ధ్రువపత్రములో ఒక పేరు, దరఖాస్తులో ఒక పేరు ఏర్పడుట ఇట్లే. పేరు ఒకే పదముగా నుండుటయు మేలు కాదు. పాస్‌పోర్టులో ఒకే పదము పేరుగా గలవారిని సందర్శక వీసాపై అనుమతింపబోమని 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్సు ప్రకటించినప్పుడు, ఇంటిపేరు గడిని ఖాళీగా విడిచినవారు ఆ చిక్కును ఎదుర్కొనవలసి వచ్చెను. కనుక బిడ్డకు మొదటినుండియు ఇంటిపేరును పూర్తిగా, దాని గడిలోనే వ్రాయించుట మంచిది.

రెండవది అక్షరక్రమము. తెలుగున లక్ష్మి అను పేరునకు వ్రాత ఒక్కటే. ఆంగ్లమున దానిని కొందరు 'కె, ఎస్, హెచ్' అను అక్షరములతో వ్రాయుదురు. మన జిల్లాలలో 'ఎక్స్' అను అక్షరముతో వ్రాయుట ఎక్కువ. రాజయ్య, మల్లయ్య, లచ్చయ్య అను పేర్ల చివర 'వై, ఎ' వచ్చునా, 'ఐ, ఎ, హెచ్' వచ్చునా అనునది వ్రాసినవాని అలవాటునుబట్టి యుండును. లత అను పేరున 'హెచ్' అక్షరము ఒకచోట ఉండును, ఒకచోట ఉండదు. చదువరికి ఇవన్నియు ఒకే పేరు. యంత్రమునకు ఇవి వేరువేరు మనుష్యులు. బిడ్డ దరఖాస్తులో తల్లిదండ్రుల పేర్లను నోటికి వచ్చినట్లు కాక, వారి పాస్‌పోర్టులలో ఉన్నది ఉన్నట్లు, అక్షరమునకు అక్షరము ఎత్తి వ్రాయవలెను. పాస్‌పోర్టులోని అక్షరక్రమము మనకు నచ్చకపోవచ్చును. ఐనను దానిని దరఖాస్తులో మనంత మనము బాగుచేయరాదు.

మూడవది తల్లి పేరు. పెండ్లికి ముందు పుట్టింటి ఇంటిపేరుతో పాస్‌పోర్టు తీసినవారు కలరు. పెండ్లి తరువాత అత్తింటి ఇంటిపేరుతో ఆధారు కార్డు మార్చుకొన్నవారు కలరు. కొన్ని ఇండ్లలో కోడలికి పేరే మార్చి పిలుతురు. ఈ భేదమును ముడివేయగల కాగితము వివాహ ధ్రువపత్రము. 2002 నాటి నిర్బంధ వివాహ నమోదు చట్టము ఉన్నను, పెండ్లి పత్రిక, ఫోటోలు చాలునని నమోదు చేయించుకొననివారు ఇంకను ఉన్నారు. గల్ఫు దేశములలో కాన్పునకు పోయినపుడు ఆ పత్రమునే మొదట అడుగుదురు. భార్యను తీసికొనిపోవుటకు టిక్కెట్టు కొనకముందే వివాహమును నమోదు చేయించుకొనుట, అందు ఇద్దరి పేర్లును పాస్‌పోర్టులలో వలె ఉన్నవో లేవో చూచుకొనుట అవసరము.

నాలుగవది ఊరు, జిల్లా, రాష్ట్రము. ఇది మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడెను. 2016 అక్టోబరు 11న జిల్లాలను పునర్విభజించిరి. పూర్వపు కరీంనగరు జిల్లానుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు వెలువడెను. కొన్ని మండలములు ఇతర జిల్లాలలో చేరెను. పూర్వపు ఆదిలాబాదు జిల్లానుండి నిర్మల్, మంచిర్యాల, కొమురం భీమ్ ఆసిఫాబాద్ జిల్లాలు వెలువడెను. అందుచేత ఒకే తండ్రి పాత పాస్‌పోర్టులో "కరీంనగరు, ఆంధ్రప్రదేశ్" అనియు, కొత్త ఆధారులో "జగిత్యాల, తెలంగాణ" అనియు ఉండవచ్చును. ఇది తప్పు కాదు, చరిత్ర. దీనికై భయపడి పాత పత్రములను చెరుపబూనరాదు. పుట్టిన స్థలమును పాస్‌పోర్టులో ఉన్నట్లు వ్రాసి, ఆ ఊరు నేడు ఏ జిల్లాలో ఉన్నదో తెలుపు ఒక వాక్యమును వివరణలేఖలో చేర్చిన చాలును.

అయిదవది తేదీ. మనము ముందు తేదీ, తరువాత నెల, ఆ తరువాత సంవత్సరము వ్రాయుదుము. కొన్ని యంత్రములు ముందు నెలను అడుగును. నెలలో పన్నెండవ తేదీవరకు పుట్టిన బిడ్డలకే ఈ ప్రమాదము. పదుమూడునుండి యంత్రమే అభ్యంతరము చెప్పును. అయిదవ నెల ఏడవ తేదీ, ఏడవ నెల అయిదవ తేదీగా మారినచో ఎవరికిని అనుమానము రాదు. బిడ్డ రెండు నెలలు చిన్నవాడగును. సౌదీ అరేబియాలోని పత్రములలో హిజ్రీ తేదీ కూడ కనిపించును. చాంద్రమానమును అనుసరించు ఆ సంవత్సరమునకు 354 లేక 355 దినములే. దానిని చేతి లెక్కతో మార్చుకొనిన ఒక దినము ఇటునటు కావచ్చును. ధ్రువపత్రమున ఇంగ్లీషు తేదీ కూడ ఉన్నచో దానినే వ్రాయవలెను. పత్రము అరబ్బీలో మాత్రమే ఉన్నచో గుర్తింపు పొందిన అనువాదకునిచేత అనువదింపించి, పేర్లను, తేదీలను ఆసుపత్రివారు ఇచ్చిన కాగితముతో పోల్చి చూడవలెను.

ఆరవది బిడ్డ పేరు. మన ఇండ్లలో ఇరువదియొకటవ దినమున పేరు పెట్టుట వాడుక. ఆసుపత్రివారు అంతవరకు ఆగరు. తొందరలో ఒక పేరు వ్రాయింతురు. ఊరినుండి మరియొక పేరు వచ్చును. ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. దిద్దుబాటు వేరు, మార్పు వేరు. ఉన్న పేరు తప్పుగా వ్రాయబడినచో సరిచేయుట దిద్దుబాటు. ఒక పేరు నమోదైన తరువాత వేరొక పేరు కావలెననుట మార్పు. మార్పును దిద్దుబాటని చెప్పి నడిపించుట కూడదు. దానికి వేరు విధానము కలదు. కాన్పునకు ముందే ఇంటివారితో మాటలాడి, ఆడబిడ్డకొకటి, మగబిడ్డకొకటి పేరును, దాని ఆంగ్ల అక్షరక్రమమును వ్రాసిపెట్టుకొన్నచో ఈ చిక్కే రాదు.

తప్పు కంటబడిన తరువాత ఏమి చేయవలెనో చూతము. దరఖాస్తు ఇంకను చేతిలోనే ఉన్నచో అదృష్టము. దానిపై కొట్టివేసి దిద్దక, మరల కొత్తగా నింపుట మేలు. ఒకరు మూలపత్రమును పట్టుకొని చదువవలెను; మరియొకరు దరఖాస్తును చూచుచుండవలెను. పదములు కాదు, అక్షరములు చదువవలెను. నింపినవాడే సరిచూచినచో తన తప్పు తనకు కనబడదు.

దరఖాస్తును ఇచ్చివేసిన తరువాత తప్పు తెలిసినచో, అధికారి కనిపెట్టునేమో చూతమని ఊరకుండరాదు. వెంటనే ఆ కార్యాలయమునకు లిఖితపూర్వకముగా తెలుపవలెను. ఆ లేఖ పొడుగుగా నుండనక్కరలేదు. దరఖాస్తు సంఖ్య, ఇచ్చిన తేదీ, ఏ గడిలో తప్పు దొర్లినది, అందు ఇప్పుడు ఏమి ఉన్నది, ఏమి ఉండవలెను, దానికి ఆధారమైన పత్రమేది, తప్పు ఎట్లు జరిగినది, ఈ ఏడు మాటలు చాలును. "తల్లి పేరున మూడవ అక్షరము తర్వాత ఒక అక్షరము విడువబడినది, ఆమె పాస్‌పోర్టు నకలు జతపరచితిమి, టైపు చేయునపుడు జరిగిన పొరపాటు" అని వ్రాసి, తల్లిదండ్రులిద్దరును సంతకము చేయవలెను. లేఖ అందినట్లు రసీదు తీసికొని, నకలు దాచుకొనవలెను. కొత్త దరఖాస్తు ఈయవలెనా, ప్రమాణపత్రము చాలునా అనునది ఆ కార్యాలయమువారు చెప్పుదురు.

నమోదు పూర్తియై ధ్రువపత్రము చేతికి వచ్చినపుడు, దానిని కౌంటరు ఎదుటనే నిలుచుండి చదువవలెను. చదువకుండ మడిచి పెట్టెలో పెట్టుట మనలో చాలమంది చేయు పని. అచ్చటనే చూపిన తప్పు ఆ దినముననే దిద్దబడవచ్చును. అయిదేండ్ల తరువాత చూపిన తప్పునకు అయిదు సాక్ష్యములు కావలెను. బిడ్డ పాస్‌పోర్టు విషయమునను ఇదే నియమము.

మూలపత్రమునందే తప్పున్నచో, దానిని ఇచ్చినవారే దిద్దవలెను. విదేశపు జనన ధ్రువపత్రమును భారత కాన్సులేటు దిద్దజాలదు. అచ్చటి ప్రభుత్వశాఖయే దిద్దవలెను. ఆసుపత్రి రికార్డులో తప్పున్నచో ఆసుపత్రినుండి మొదలుపెట్టవలెను. ఈ పని ఆ దేశమున ఉన్నప్పుడే ముగించుకొనవలెను. వీసా రద్దు చేసికొని, సామాను కట్టుకొని ఇంటికి చేరిన తరువాత మస్కటులోని ఒక అక్షరమును మెట్‌పల్లినుండి దిద్దించుట ఎంత కష్టమో అనుభవించినవారికే తెలియును. తల్లిదండ్రుల పాస్‌పోర్టు సరిచేయుటకు కాలము పట్టునని తోచినచో, ఏడాది గడువు దాటిపోకుండ ముందే కాన్సులేటును అడిగి, వారు చెప్పినట్లు నడుచుకొనవలెను. ఎమిరేట్సులో మరియొక గడువు కూడ కలదు: పుట్టిన బిడ్డకు 120 దినములలోపల నివాస అనుమతి తీసికొనవలెను, దానికి పాస్‌పోర్టు కావలెను. కనుక ఏడాది ఉన్నదిగదా అని అచ్చట తీరికగా నుండుటకు వీలులేదు.

ఇచ్చట పుట్టిన బిడ్డల సంగతి కొంత వేరు. కరీంనగరు ఆసుపత్రిలోనో, ఉట్నూరులోనో భారతీయ దంపతులకు పుట్టిన బిడ్డకు పౌరసత్వపు దరఖాస్తు అక్కరలేదు. జనన ధ్రువపత్రమే ఆధారము. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము ప్రకారము ఇరువదియొక్క దినములలోపల సమాచారము ఈయవలెను. ముప్పది దినములు దాటినచో పైఅధికారి అనుమతియు, ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఉత్తర్వును కావలెను. 2023లో చట్టమును సవరించి, ఆ అధికారమును జిల్లా మేజిస్ట్రేటునకును, సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటునకును, అధికృతుడైన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటునకును ఇచ్చిరి. అదే సవరణ ప్రకారము 2023 అక్టోబరు 1న గాని, ఆ తరువాత గాని పుట్టినవారికి బడిలో చేరుట, వోటర్ల జాబితా, పాస్‌పోర్టు మొదలగు వానికి పుట్టిన తేదీని, స్థలమును రుజువుచేయునది జనన ధ్రువపత్రమే. పూర్వము ఒక కాగితములోని తప్పును మరియొక కాగితము కప్పుచుండెను. ఇకముందు ఆ వీలు లేదు.

పేరు లేకుండ నమోదైన జననమునకు తరువాత పేరు చేర్చుటకు ఈ చట్టపు పదునాల్గవ సెక్షను వీలు కల్పించుచున్నది. తప్పును దిద్దుటకు పదునైదవ సెక్షను ఉన్నది. ఆ సెక్షను చెప్పిన పద్ధతి ఆలోచింపదగినది. రిజిస్ట్రారు తప్పును గుర్తించినపుడు మొదటి వ్రాతను చెరుపరాదు, మార్పరాదు. అంచున సరియైన మాట వ్రాసి, తేదీ వేసి, సంతకము చేయవలెను. పాత వ్రాత అట్లే కనబడుచుండవలెను. దాని ప్రక్కన దిద్దుబాటును కనబడవలెను. దిద్దుట యనగా దాచుట కాదనియు, ఏమి జరిగినదో, ఎవరు సరిచేసిరో అందరికి తెలియునట్లు చేయుటయనియు ఈ చిన్న నియమము చెప్పుచున్నది. గ్రామమున పంచాయతీ కార్యదర్శిని, పట్టణమున పురపాలక కార్యాలయమును దీనికై ఆశ్రయింపవలెను.

విదేశమున పుట్టిన బిడ్డతో ఇచ్చట స్థిరపడుటకు వచ్చినవారికి ఈ చట్టమే ఇంకొక సౌకర్యమును కల్పించినది. కాన్సులేటు ద్వారా జనన సమాచారము రానిచో, బిడ్డ భారతదేశమునకు చేరిన నాటినుండి అరువది దినములలోపల ఇచ్చటి రిజిస్ట్రారు వద్ద జననమును నమోదు చేయించుకొనవచ్చును. ఐతే దీనిని చూచి పౌరసత్వపు నమోదు ఐనదని భ్రమపడరాదు. ఇది పుట్టుకకు సాక్ష్యము. అది పౌరసత్వమునకు ఆధారము. ఒకటి మరియొకదానికి బదులు కానేరదు.

ఇంతవరకు చెప్పినది పొరపాట్లను గూర్చి. అబద్ధము సంగతి వేరు. తెలిసి తప్పుడు సమాచారమిచ్చినవారికి పౌరసత్వ చట్టపు పదునేడవ సెక్షను క్రింద అయిదేండ్లవరకు ఖైదు గాని, ఏబదివేల రూపాయలవరకు జుర్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. నమోదు ద్వారా వచ్చిన పౌరసత్వమును మోసముచేతనో, ముఖ్య విషయమును దాచుటచేతనో పొందినట్లు తేలినచో, పదవ సెక్షను క్రింద ప్రభుత్వము తొలగింపవచ్చును. దీనికి మన సీమనుండియే ఒక ప్రసిద్ధ వ్యాజ్యము కలదు. వేములవాడనుండి శాసనసభకు ఎన్నికైన చెన్నమనేని రమేశ్ జర్మను పౌరసత్వము పొందియుండి, 2009లో మరల భారత పౌరసత్వము పొందిరి. దరఖాస్తునకు ముందటి పన్నెండు నెలలు ఈ దేశమున నివసించియుండవలెనన్నది అందలి నిబంధన. ఆ కాలమందలి విదేశ ప్రయాణములను తెలుపలేదన్న ఆక్షేపణపై కేంద్ర ప్రభుత్వము 2017లోను, మరల 2019లోను ఆ పౌరసత్వమును రద్దుచేసెను. 2024 డిసెంబరులో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము ఆయన వ్యాజ్యమును త్రోసిపుచ్చెను. అది పెద్దవారి దరఖాస్తు, వేరు సెక్షను. ఐనను అందు తర్కింపబడిన దంతయు దరఖాస్తులోని ఒక గడిని గూర్చియే. పదిహేనేండ్ల తరువాతను ఆ గడి నిలుచుండి మాటలాడెను.

ఈ కఠినమైన సెక్షనులను విని, తప్పును బయటపెట్టినచో శిక్ష పడునేమో అని కొందరు భయపడుదురు. ఆ భయము తలక్రిందుల భయము. చట్టము శిక్షించునది తెలిసి చెప్పిన అబద్ధమును. తప్పును తానై చూపినవాని లేఖ అతని సదుద్దేశమునకు సాక్ష్యమగును. తెలిసికూడ ఊరకున్నవాని మౌనమే కాలము గడచినకొలది దాచిపెట్టుటవలె కనబడును. అట్లని ఏజెంటు మాట విని, తేదీని చెరిపి దిద్దుట, కొత్త పత్రమును పుట్టించుట చేయరాదు. అక్షరపు తప్పునకు లేఖ చాలును. పుట్టించిన పత్రమునకు వకీలు కావలెను.

ఏడాది గడువు దాటిపోయినవారును నిరాశ చెందనక్కరలేదు. ఆలస్యమునకు కారణము తెలుపుచు, కాన్సులేటు ద్వారా కేంద్ర ప్రభుత్వపు అనుమతిని కోరవచ్చును. తల్లి జబ్బుపడుట, యజమాని పాస్‌పోర్టును తనవద్ద ఉంచుకొనుట, వీసా గడువు తీరి అక్రమనివాసియగుట వంటి నిజమైన కారణములను ఉన్నవి ఉన్నట్లు చెప్పవలెను. ఎమిరేట్సు ప్రభుత్వము 2018లోను, 2024లోను క్షమాభిక్ష ప్రకటించి, అనుమతిపత్రములు లేనివారికి దండుగ లేకుండ వెడలిపోవుటకో, స్థితిని సరిచేసికొనుటకో అవకాశమిచ్చెను. అట్టి తరుణములలో బిడ్డల కాగితములను గూర్చి మొదటనే కాన్సులేటుతో మాటలాడవలెను. విమానమెక్కు దినము దీనికి తగినది కాదు. భారతీయుల మైనరు బిడ్డలను నమోదు చేయుటకు అయిదవ సెక్షనులో కూడ మార్గము కలదు.

ఊరిలో నున్న తల్లి ఒంటరిగా ఈ పని చేయవలసి వచ్చినచో, ఆమెకు సాయము కలదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకును, బాలలకును ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము లభించును. జిల్లా న్యాయస్థానమందలి న్యాయసేవల సంస్థను అడిగినచో, లేఖ వ్రాయుటకు, ప్రమాణపత్రము సిద్ధపరచుటకు వకీలును ఏర్పాటు చేయుదురు. ఇది దయ కాదు, హక్కు.

ఒక విషయము మిగిలినది. విదేశమున పుట్టి ఇట్లు నమోదైన బిడ్డకు మరియొక దేశపు పౌరసత్వము కూడ ఉన్నచో, యుక్తవయస్సు వచ్చిన ఆరు నెలలలోపల దానిని విడిచిపెట్టవలెను. లేనిచో భారత పౌరసత్వము పోవును. పదునెనిమిదవ పుట్టినదినమున పెట్టె తెరచి కాగితములు చూచువాడు ఆ బిడ్డయే. నాడు తల్లిదండ్రులు వ్రాసిన లేఖ నకలు, రసీదు, మూలపత్రములు ఒకచోట దొరకినచో ఆతడు ధైర్యముగా నిలుచును.

పసివాడు తన దరఖాస్తును తాను చదువలేడు, సంతకము చేయలేడు, తప్పును చూపలేడు. ఆతని పక్షమున చదువవలసినవారు ఇద్దరే. కావున సంతకము చేయుటకు ముందు ఆ రాత్రి దీపము క్రింద భార్యాభర్తలు కూర్చుండి, ఆమె పాస్‌పోర్టును, ఆతడు దరఖాస్తును పట్టుకొని, అక్షరమునకు అక్షరము చదివికొందురుగాక. దానికి అరగంట చాలును.